ధ్రువపత్రముల ఆయుర్దాయము

2018వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున బ్రిటను దేశములో లక్షలాది చేతిఫోనులకు ఇంటర్నెట్ అందకుండ పోయెను. ఓ2 అను టెలిఫోను సంస్థ వ్యవస్థపై ఆధారపడినవారు, దానినే వాడుకొను ఇతర సంస్థల చందాదారులతో కలిపి, 3 కోట్ల 20 లక్షల మంది వరకు ఉండిరి. లండను నగరములో బస్సు ఎన్ని నిమిషములలో వచ్చునో తెలుపు పలకలు సైతము పనిచేయలేదు. అదే దినమున జపానులో సాఫ్ట్‌బ్యాంక్ సంస్థవారి ఫోనులును నాలుగు గంటలకు పైగా మూగబోయెను. తుపాను వచ్చినది లేదు. తీగలు తెగినది లేదు. శత్రువెవ్వడును చొరబడినది లేదు. ఈ రెండు సంస్థలకును యంత్రములను సమకూర్చిన స్వీడను దేశపు ఎరిక్‌సన్ సంస్థవారు పరీక్షించి చూడగా, తమ సాఫ్ట్‌వేరులో నున్న ఒక ధ్రువపత్రమునకు గడువు తీరిపోయినదని తేలెను. మరునాటి ఉదయమునకు గాని ఓ2 వారి సేవ కుదుటపడలేదు.

ఒక తేదీ దాటినంత మాత్రమున ఇంతటి వ్యవస్థ ఏల నిలిచిపోవలెను? గడువు లేకుండ పత్రము ఇచ్చినచో ఈ బాధయే ఉండదు గదా యని ఎవరికైనను తోచును. కాని ఈ రంగమున పనిచేయువారు గడువును తీసివేయలేదు. అంతకంతకు తగ్గించుచు వచ్చిరి. ఐదు సంవత్సరముల గడువు కొన్ని వారములకు దిగివచ్చుచున్నది. విచిత్రముగ తోచు ఈ మార్గమును వారేల ఎన్నుకొనిరో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను.

1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనువారు రహస్యలిపి శాస్త్రమున ఒక నూతన భావమును ప్రకటించిరి. అంతవరకు రహస్యముగ ఉత్తరములు వ్రాసికొనదలచిన ఇద్దరును ముందుగా కలిసికొని, ఒకే తాళపుచెవికి రెండు నకళ్లు చేయించి చెరియొకటి దాచుకొనవలసి యుండెడిది. డిఫీ, హెల్‌మన్‌ల పద్ధతిలో ప్రతి మనుష్యునికిని రెండు వేరువేరు వస్తువులు ఉండును. ఒకటి తాళముకప్ప, రెండవది దానికి సరిపోవు తాళపుచెవి. కప్పను ఎవరికైనను ఇయ్యవచ్చును. ఇచ్చినవారు తమ ఉత్తరమును పెట్టెలో నుంచి ఆ కప్ప నొక్కి పంపుదురు. తెరచుటకు వలయు చెవి మాత్రము సొంతదారునొద్దనే యుండును. మరుసటి సంవత్సరము మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను ముగ్గురు పెద్ద సంఖ్యలను కారణాంకములుగ విడదీయుటలో గల కష్టమును ఆధారముగ గొని ఈ భావమును ఆచరణయోగ్యము గావించిరి. అదే ఆర్.ఎస్.ఎ. పద్ధతి. ఆ చెవితోనే సంతకమును చేయవచ్చును; కప్ప గలవారందరును ఆ సంతకము నిజమైనదో కాదో సరిచూచుకొనవచ్చును.

అయితే ఒక చిక్కు మిగిలినది. ఎవడో వచ్చి, “ఇది ఫలానా బ్యాంకువారి కప్ప” అని తన సొంత కప్పను చేతికిచ్చినచో తెలియుట యెట్లు? డిఫీ, హెల్‌మన్‌లు అందరి కప్పలను చేర్చిన ఒక బహిరంగ గ్రంథము నుంచవలెనని సూచించిరి. ప్రతివాడును ప్రతిసారియు ఆ గ్రంథమును చూడబోయినచో అచట తొక్కిసలాట తప్పదు. పైగా ఆ గ్రంథము నొక్కదానిని తారుమారు చేసినచో లోకమంతయు మోసపోవును. ఈ చిక్కును విడదీసినవాడు లోరెన్ కోన్‌ఫెల్డర్ అను విద్యార్థి. ఏడిల్‌మన్ పర్యవేక్షణలో 1978లో అతడు వ్రాసిన వ్యాసము డాక్టరేటు కొరకు గాదు, బ్యాచిలర్ పట్టము కొరకు వ్రాసినది. అందరును విశ్వసించు ఒక అధికారి “ఈ కప్ప ఈ పేరుగలవారిది” అని వ్రాసి తన సంతకము చేసి యిచ్చినచో, ఆ చీటిని సొంతదారే వెంట నుంచుకొని అడిగినవారికి చూపవచ్చును. గ్రంథము కడకు పరుగెత్త నక్కరలేదు. ఆ చీటికి అతడు పెట్టిన పేరే ధ్రువపత్రము.

తహసీల్దారు కచేరీలో ఇచ్చు ఆదాయ ధ్రువపత్రమునకు గడువుండుట విద్యార్థులకు అనుభవమే. ఒకనాడు సత్యమైన విషయము ఎల్లకాలము సత్యముగ నుండదు. కంప్యూటరు ధ్రువపత్రము విషయమును అంతే. పేరు మరియొకరి వశము కావచ్చును; చెవి దొంగల పాలు కావచ్చును. అందుచేత 1988లో అంతర్జాతీయ సంప్రదింపుల ఫలితముగ వెలువడిన ఎక్స్.509 అను ప్రమాణములో ప్రతి పత్రమునకును ఒక ప్రారంభదినము, ఒక అంత్యదినము విధిగా ఉండవలెనని నిర్ణయించిరి. నేటికిని ఇంటర్నెట్ పత్రములు ఆ ప్రమాణమునే అనుసరించుచున్నవి.

1995లో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరులో ఈ రక్షణను ప్రవేశపెట్టిన తరువాత ధ్రువపత్రములను విక్రయించుట ఒక వర్తకమైనది. దానిని పొందు విధానము ఎట్లుండెడిదో చెప్పినచో ఇప్పటివారికి ఆశ్చర్యము కలుగును. వెబ్‌సైటు పర్యవేక్షకుడు తన సర్వరుపై ఒక చెవిని, కప్పను తయారుచేసి, దరఖాస్తును ధ్రువీకరణ సంస్థకు పంపవలెను, రుసుము చెల్లింపవలెను, ఆ సంస్థవారు విచారించి పంపిన పత్రమును తీసికొని, సరియైన చోట నుంచి, సర్వరును మరల నడిపింపవలెను. ఇది యంతయు ముగిసిన పిమ్మట రెండు మూడు సంవత్సరముల తరువాతి తేదీని ఎచటనో వ్రాసిపెట్టుకొనవలెను. ఆలోగా ఆ ఉద్యోగి వేరు కొలువునకు పోవును. అతడు వ్రాసిన పుస్తకము అతని బల్ల సొరుగులోనే యుండును. పని అరుదైన కొలది మరపు అధికమగును. నిత్యము చేయు పనిని ఎవరును మరువరు. మూడేండ్లకొకసారి చేయు పనిని గుర్తుంచుకొనువారే అరుదు.

ఈ మరపు ఎంతటి అనర్థమునకు దారితీయునో చూపుటకు అమెరికాలోని ఈక్విఫాక్స్ ఉదంతము చాలును. ప్రజల అప్పుల వివరములను భద్రపరచు ఆ సంస్థలోనికి 2017 మే నెలలో దొంగలు చొరబడిరి. సంస్థలోనికి వచ్చుచు పోవుచుండు సమాచారమును విప్పి పరిశీలించుటకు అచట ఒక కావలి యంత్రము లేకపోలేదు. కాని దాని ధ్రువపత్రమునకు గడువు తీరి 19 నెలలైనదని 2018 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభా సంఘము తన నివేదికలో తెలిపినది. పత్రము లేని కావలి యంత్రము గ్రుడ్డిదైనది. కాని ఆగిపోలేదు గనుక ఎవరికిని అనుమానము కలుగలేదు. జూలై 29న క్రొత్త పత్రమును అమర్చినంతనే అనుమానింపదగిన రాకపోకలు కంటబడెను. అప్పటికి దొంగలు వచ్చి 70 దినములు దాటినవి. 14 కోట్లకు పైగా ప్రజల వివరములు పోయినవి. టెలిఫోనులు మూగబోయినచో అందరికిని తెలియును. కావలి నిదురించినచో ఎవరికిని తెలియదు. ఈ రెండవదియే ఎక్కువ ప్రమాదకరము.

ఇక పత్రమునకు దీర్ఘమైన గడువు నిచ్చుట వలని కీడును చూతము. 2011లో హాలండు దేశపు డిజినోటార్ అను ధ్రువీకరణ సంస్థలో దొంగలు ప్రవేశించి 500కు పైగా దొంగ పత్రములను సృష్టించిరి. అందు గూగుల్ పేరిట నున్న పత్రముతో ఇరాను దేశములోని పౌరుల ఉత్తరప్రత్యుత్తరములను మధ్యలో చదువుటకు ప్రయత్నము జరిగినది. ఆ సంస్థ ఆ సంవత్సరము సెప్టెంబరులోనే దివాలా తీసెను. మన దేశమునకును ఇట్టి అనుభవము తప్పలేదు. 2014 జూలైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగము నుండి తన పేర్లపై అనధికార పత్రములు వెలువడినట్లు గూగుల్ సంస్థ కనుగొనగా, భారత ప్రభుత్వపు ధ్రువీకరణ నియంత్రణాధికారి ఆ విభాగమునకిచ్చిన పత్రములను రద్దుచేసెను.

చెడిన పత్రములను రద్దుచేసి ఆ జాబితాను ప్రకటించు ఏర్పాటు మొదటినుండియు కలదు. సిద్ధాంతరీత్యా అది చాలును. ఆచరణలో బ్రౌజరు ప్రతిసారియు జాబితా నడుగుట ఆలస్యమునకు కారణమగును. అడిగినను జవాబు రానిచో, సందర్శకునికి చిరాకు కలుగునని, పత్రము మంచిదే యనుకొని ముందుకు సాగిపోవుట పలు బ్రౌజరులకు అలవాటు. మోసగాడు ఆ జవాబునే అడ్డగింపగలడు. దొంగ వచ్చిన రాత్రి మాత్రమే కునుకుతీయు కావలివాని వంటిది ఈ ఏర్పాటు. కావున ఎవరు రద్దుచేయకపోయినను తనంతట తానే చచ్చు పత్రము మేలు. పొట్టి గడువునకు మూలకారణము ఇదియే.

గడువు పొట్టిదైనచో పని పెరుగును. పని పెరిగినచో మనుష్యుడు చేయలేడు. ఈ సంగతి అందరికంటె ముందుగా క్లౌడ్ సంస్థలకు అనుభవమునకు వచ్చెను.

క్లౌడ్ అనగా మేఘము. కాని ఆకాశముతో దీనికి సంబంధము లేదు. దూరమున విశాలమైన శాలలలో వేలకొలది కంప్యూటరులను నిలిపి, వాని శక్తిని గంటల లెక్కన అద్దెకిచ్చు విధానమున కది పేరు. 2006లో అమెజాన్ సంస్థ ఈ అద్దె సర్వరులను ప్రారంభించిన తరువాత సర్వరు అను మాట అర్థమే మారినది. పూర్వము సర్వరు అనగా ఒక గదిలో ఏండ్ల తరబడి కదలక కూర్చుండు పెట్టె. క్లౌడ్‌లో నిమిషములలో పుట్టి, పని తీరినంతనే మాయమగు సర్వరులు వందలు, వేలు. ప్రతిదానికిని తానెవరో నిరూపించుకొనుటకు ఒక పత్రము కావలెను. దస్త్రములో తేదీలు వ్రాసికొను గుమాస్తా ఇచట ఏమి చేయగలడు?

మైక్రోసాఫ్ట్ సంస్థ క్లౌడైన అజూర్‌లో ఒక సంవత్సరము వ్యవధిలో జరిగిన రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. మొదటిది 2012 ఫిబ్రవరి 29న జరిగినది. అచట క్రొత్తగా పుట్టు ప్రతి సర్వరును తనకొక సంవత్సరపు పత్రమును తానే తయారు చేసికొనును. గడువు కట్టు లెక్క మిక్కిలి సులభము: నేటి తేదీలో సంవత్సరపు సంఖ్యకు ఒకటి కలుపుటయే. ఆనాడు ఆ లెక్క ప్రకారము వచ్చిన తేదీ 2013 ఫిబ్రవరి 29. అట్టి దినము పంచాంగములో లేదు! పత్రము పుట్టలేదు; సర్వరు లేవలేదు. మూడుమార్లు ప్రయత్నించి విఫలమైన పిదప, పైనున్న యంత్రము చెడిపోయినదని వ్యవస్థ నిర్ణయించి, దాని పనులను మంచి యంత్రములకు తరలించెను. అచటను అదే కథ. ఇట్లు ఒక చిన్న కూడిక తప్పు అంటువ్యాధివలె వ్యాపించినది.

రెండవది 2013 ఫిబ్రవరి 22న జరిగెను. అజూర్‌లో సమాచారమును నిలువచేయు సేవకు గల పత్రములకు ఆనాడు గడువు తీరెను. ప్రపంచమంతట సురక్షిత మార్గమున ఆ సేవను పొందుట అసాధ్యమయ్యెను. ఇందు మరపు లేకపోవుటయే విశేషము. గడువు సమీపించుచున్నదని యంత్రము ముందుగనే హెచ్చరించినది. ఉద్యోగులు క్రొత్త పత్రములను తెప్పించి ఖజానాలో నుంచిరి. క్రొత్త పత్రములు ఖజానాలో కనబడుటతో యంత్రము హెచ్చరికలను మానివేసెను. వానిని సర్వరులకు చేర్చవలసిన మార్పుల మూట మాత్రము, అందు గడువు గల వస్తువున్నదను గుర్తు లేకపోవుటచే, అంతకంటె ముఖ్యమని తోచిన పనుల వెనుక నిలిచిపోయెను. మందు కొని అలమరలో నుంచినంత మాత్రమున జ్వరము తగ్గదు గదా!

ఈ రెంటి వలనను తేలినదేమనగా, సగము యంత్రమునకు, సగము మనుష్యునికి అప్పగించిన పనికి అతుకు వద్దనే చిరుగు పట్టును. దరఖాస్తు మొదలు అమరిక వరకు గల గొలుసంతయు యంత్రము చేతిలోనే యుండవలెను; ఆ యంత్రమునకు పంచాంగమును సరిగా నేర్పవలెను.

ఇట్లు చేయుటకు పూనుకొనినవారు పెద్ద వర్తక సంస్థలవారు కాకపోవుట గమనింపదగినది. మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, పౌరహక్కుల సంస్థయైన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌లో పనిచేయుచుండిన పీటర్ ఎకర్స్‌లీ ఒకవైపున, మొజిల్లాలోని జాష్ ఆస్, ఎరిక్ రిస్కోర్లా మరొకవైపున ఇదే ఆలోచనలో నుండిరి. రెండు ప్రయత్నములును ఒక్కటై, 2013లో కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని ఒక సంస్థ ఏర్పడెను. అది నెలకొల్పిన ధ్రువీకరణ శాఖకు “లెట్స్ ఎన్‌క్రిప్ట్” అని పేరు. 2015 సెప్టెంబరు 14న దాని మొదటి పత్రము వెలువడెను. డిసెంబరు 3న తలుపులు అందరికిని తెరచిరి. పత్రము ఉచితము. గడువు 90 దినములు మాత్రమే.

ఈ శాఖ పనిచేయు తీరు తెలిసికొనదగినది. “ఈ ఇల్లు నాది” అని ఒకడు పత్రమునకై వచ్చినచో, ధ్రువీకరణాధికారి అతనికి ఒక గుర్తు నిచ్చి, “దీనిని నీ వీధిగోడపై వ్రాయుము, నా మనుష్యులు వచ్చి చూచెదరు” అనును. గోడపై ఆ గుర్తు కనబడినచో ఇల్లు అతని స్వాధీనములో నున్నదని రుజువగును. ఇచట ఇల్లు వెబ్‌సైటు. అడుగువాడు సర్వరుపై నున్న ఒక చిన్న ప్రోగ్రాము. అది గుర్తును నిర్ణీతమైన చోట ఉంచును, ధ్రువీకరణ శాఖ కంప్యూటరులు వచ్చి చదువును, పత్రము వచ్చును, ప్రోగ్రాము దానిని అమర్చి, గడువునకు దాదాపు 30 దినముల ముందే మరల ఇదే తంతు నడుపును. చెవి మాత్రము ఎన్నడును ఇల్లు దాటి పోదు. ఒకే దారిలో వెళ్లినచో మధ్యలో ఎవడైనను మోసగింపవచ్చునని 2020 నుండి పలు ప్రదేశముల నుండి ఒకేమారు చూచి పోల్చుచున్నారు. ఈ సంభాషణ నియమములకు ఆక్మీ అని పేరు. 2019 మార్చిలో అది ఇంటర్నెట్ ప్రమాణముగ ప్రకటింపబడెను. ప్రమాణమగుటచే ఇతర ధ్రువీకరణ సంస్థలును దానిని స్వీకరింపగలిగినవి. క్లౌడ్ సంస్థలును వెనుకబడలేదు. 2016 జనవరిలో అమెజాన్ తన అద్దెదారులకు పత్రములను ఉచితముగ నిచ్చి తానే పునరుద్ధరించు సేవను ఆరంభించెను.

ఫలితమును లెక్కలే చెప్పును. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2020 ఫిబ్రవరి 27 నాటికి 100 కోట్ల పత్రములను జారీచేసెను. అప్పటికి దాదాపు 19 కోట్ల వెబ్‌సైటులకు సేవ చేయుచున్న ఆ సంస్థలో పూర్తికాలపు ఉద్యోగులు 13 మంది! 2017 జూన్‌లో ప్రపంచములో తెరవబడు వెబ్ పుటలలో నూటికి 58 సురక్షిత మార్గమున నడుచుచుండగా, 2020 ఫిబ్రవరి నాటికి ఆ సంఖ్య 81కి పెరిగినది. రుసుము చెల్లింపలేని చిన్న పాఠశాల వెబ్‌సైటునకును, బ్యాంకు వెబ్‌సైటునకును ఒకే రకపు తాళము లభించుట సామాన్యమైన మార్పు కాదు.

ఇచట ఉపాధ్యాయులు విద్యార్థులకు స్పష్టముగ చెప్పవలసిన మాట ఒకటి కలదు. ఈ పత్రము ఇల్లు ఎవరి స్వాధీనమో చెప్పునే గాని, ఇంటివాడు మంచివాడని చెప్పదు. మోసగాడును తన ఇంటి గోడపై గుర్తు వ్రాయగలడు. వానికిని పత్రము వచ్చును. సురక్షిత మార్గమను గుర్తును చూచి, ఆవలివాడు యోగ్యుడని నమ్మి డబ్బు పంపినవారు కోకొల్లలు. మార్గము సురక్షితమే, చేరిన చోటే చెడ్డది.

యంత్రము తప్పుచేయదా? చేయును, చేసినప్పుడు లక్షల లెక్కన చేయును. 2020లో, చిత్రముగ మరల ఒక ఫిబ్రవరి 29ననే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు తమ ప్రోగ్రాములో ఒక లోపమును కనుగొనిరి. పలు పేర్లు గల పత్రము నిచ్చునపుడు వాని నన్నింటిని తిరిగి పరీక్షింపవలసి యుండగా, ప్రోగ్రాము ఒకే పేరును పలుమార్లు పరీక్షించెడిది. అట్లు వెలువడిన పత్రములు 30 లక్షలకు పైగా నుండెను. నియమము ప్రకారము కొద్ది దినములలో అన్నింటిని రద్దుచేయవలెను. మార్చుకొనినవారి పత్రములను, దాదాపు 17 లక్షలను, రద్దుచేసి, మిగిలినవానిని రద్దుచేసినచో వెబ్‌సైటులు నిలిచిపోవునను భయముచే ఆగిరి. వాని గడువు ఎట్లును 90 దినములే. పొట్టి ఆయుర్దాయము ఇచట ప్రాణదాత యైనది. మూడేండ్ల పత్రములైనచో ఏమి చేసియుండెడివారో ఊహించుకొనవచ్చును.

ధ్రువీకరణ సంస్థలును బ్రౌజరు సంస్థలును కలిసి నియమములు చేసికొను వేదికలో ఈ గడువుపై చిరకాలము వాదములు జరిగినవి. 2012లో గరిష్ఠము ఐదు సంవత్సరములు. 2015లో 39 నెలలు. 2018లో 825 దినములు. 2019లో దానిని ఇంచుమించు ఒక సంవత్సరమునకు తగ్గింపవలెనని వచ్చిన తీర్మానమును పత్రములు విక్రయించు సంస్థలు ఓడించినవి. వారి అభ్యంతరము అకారణము కాదు: ఆసుపత్రి పరికరములు, పాత యంత్రములు మొదలైనవాని పత్రములను చేతితో మార్చు చోట్లు ఇంకను చాల కలవు. మరుసటి సంవత్సరము ఆపిల్ సంస్థ తన బ్రౌజరు 398 దినములకు మించిన క్రొత్త పత్రములను అంగీకరింపదని ఏకపక్షముగ ప్రకటించుటతో వాదము ముగిసెను. ఓటులో ఓడినవారు ద్వారమువద్ద గెలిచిరి. ఇది న్యాయమేనా అను ప్రశ్న వేరు. కొద్ది సంస్థల చేతిలో ఎంతటి శక్తి చేరినదో మాత్రము దీనివలన తెలియుచున్నది. 2025 ఏప్రిలులో అదే వేదిక అంచెలంచెలుగ తగ్గించు నిర్ణయమును ఆమోదించెను: 2026 మార్చి 15 నుండి 200 దినములు, 2027 మార్చి 15 నుండి 100, 2029 మార్చి 15 నుండి 47.

వేయి పత్రములు గల ఒక సంస్థను తీసికొని విద్యార్థులు ఈ లెక్కను చేయవచ్చును. గడువు 398 దినములైనచో సగటున దినమునకు రెండు మూడు పత్రములు మార్చిన చాలును. ఒక ఉద్యోగి చేయగలడు. 47 దినములైనచో దినమునకు 21, ఆదివారములును పండుగలును కలుపుకొని. ఆ సంస్థ యంత్రమును ఆశ్రయింపక తప్పదు. క్లౌడ్‌లో ఒక సర్వరు మరియొక సర్వరుతో మాటలాడుటకు వాడు లోపలి పత్రములు కొన్నిచోట్ల 24 గంటలకే చచ్చి మరల పుట్టుచున్నవి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ శాఖయు 2025లో ఆరు దినముల పత్రములను జారీచేయ నారంభించెను.

ఆ శాఖ మొదటినుండి గడువు సమీపించినవారికి ఈ-మెయిలు ద్వారా హెచ్చరిక పంపుచుండెడిది. అత్యధికులు యంత్రములతోనే పునరుద్ధరించుకొనుచున్నారనియు, లక్షలాది చిరునామాలను భద్రపరచుట మంచిది కాదనియు, దీనికి ఏటా వేలకొలది డాలర్లు వ్యయమగుచున్నవనియు తెలిపి, 2025 జూన్ 4వ తేదీతో ఆ ఉత్తరములను నిలిపివేసినది.